'టేక్' అంటే తీసుకోవడం ఒక్కటే కాదా? ఒక మెయిల్ తప్పుగా అర్థం చేసుకుని రెండు కంటైనర్ల సరుకు ప్యాక్ చేయించాను

చీమకుర్తి_రాయి:

అందరికీ నమస్కారం. నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో పని చేస్తున్నాను, మూడేళ్లయింది. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. మెయిల్స్ చూసుకోవడం, బిల్లులు టైప్ చేయడం నా పని. ఇంగ్లీషు మాట్లాడలేకపోయినా చదివితే అర్థమవుతుందిలే అని ధైర్యంగా ఉండేవాణ్ని, పోయిన నెల దాకా.

మా దగ్గర బ్లాక్ గెలాక్సీ స్లాబులు కొనే ఒక విదేశీ పార్టీ ఉంది. నల్లరాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటాయే, ఆ రాయి. వాళ్ల మెయిల్లో ఒక వాక్యం, "వుయ్ ఆర్ టేకింగ్ స్టాక్ అండ్ విల్ గెట్ బ్యాక్ టు యూ బై మంత్ ఎండ్" అని. టేకింగ్ అంటే తీసుకుంటున్నాం, స్టాక్ అంటే సరుకు. సరుకు తీసుకుంటున్నారు, మిగతా సంగతి నెలాఖరుకి చెప్తారు అని మా ఓనర్‌తో చెప్పేశాను. ఆయన నా మాట మీద రెండు 20 అడుగుల కంటైనర్లకి సరిపడా స్లాబులు తీయించి, చెక్క ఫ్రేములు కట్టించి, లారీకి అడ్వాన్సు కూడా ఇచ్చారు. నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేస్తే అవతలివాళ్లు ఆశ్చర్యపోయారు. సరుకు తీసుకుంటామని మేమెప్పుడు అన్నాం, మా పరిస్థితి ఏంటో ఒకసారి చూసుకుంటున్నాం అన్నాం, అంతే కదా అన్నారు.

ఓనర్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది. ఆ ఫ్రేములు యార్డులో అట్టాగే ఉన్నాయి, రోజూ వాటి పక్కనుంచే ఆఫీసులోకి పోవాలి.

అప్పట్నుంచి డిక్షనరీలో టేక్ దగ్గర చూస్తే టేక్ ఆఫ్, టేక్ ఇన్, టేక్ అప్, టేక్ ఆన్, టేక్ ఓవర్, ఒక్కోదానికి మళ్లీ మూడు నాలుగు అర్థాలు. బట్టీ పట్టి రెండు రోజులకే మర్చిపోతున్నాను. దీన్ని పట్టుకోవడానికి ఏదైనా దారి ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి, ఇంకోసారి ఇట్టాంటి తప్పు జరిగితే నా ఉద్యోగం కంటే ఆయన నమ్మకం పోతుందనే టెన్షన్.

కావలి_అయ్యవారు:

బాబూ, ముందు ఒక మాట. నువ్వు పదాలు తప్పు చదవలేదు. టేకింగ్ అంటే తీసుకోవడమే, స్టాక్ అంటే సరుకే. రెండూ పక్కపక్కన చేరాక వేరే మాట అయింది, అది నీకు ఎవరూ చెప్పలేదు. కిరాణా కొట్టువాళ్లు ఏడాదికోసారి తలుపులు వేసుకుని, అల్మారాల్లో ఎన్ని సబ్బులున్నాయి, వెనక గదిలో కందిపప్పు ఎన్ని బస్తాలు మిగిలింది అని లెక్క రాసుకుంటారు చూడు, అదీ టేకింగ్ స్టాక్. అక్కణ్నుంచి, మనిషి తన పరిస్థితిని కూర్చుని బేరీజు వేసుకోవడానికీ అదే మాట వచ్చింది. మీ పార్టీ రాసింది ఆ అర్థంలో.

నేను 31 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. టేక్ అంటే తీసుకొనుట అని పిల్లల చేత నోటుపుస్తకాల్లో రాయించినవాళ్లలో నేనూ ఉన్నాను, చాలా ఏళ్లు. తర్వాత మానేశాను. టేక్ అంటే మన 'పట్టు' లాంటి మాట అని చెప్పడం మొదలుపెట్టాక పిల్లలకి త్వరగా ఎక్కింది.

నువ్వే రాశావు, బట్టీ పట్టి మర్చిపోతున్నా అని. ఆ వెంటనే, దీన్ని పట్టుకోవడానికి దారుందా అని. అక్కడ చేత్తో ఏం పట్టుకున్నావు? మనం బస్సు పట్టుకుంటాం, చంటిబిడ్డకి నిద్ర పట్టదు, ఎండకి చెమట పడుతుంది, ఇనుముకి తుప్పు పడుతుంది, కార్తీకంలో నాలుగు రోజులు ముసురు పడుతుంది. చేపల పులుసులో ముక్కకి పులుపు బాగా పట్టాలంటే రాత్రంతా కుండలోనే ఉండి పొద్దున తినాలి అంటుంది మా ఇంటావిడ. వీటన్నిటికీ ఎవరైనా నీకు జాబితా ఇచ్చి నేర్పారా? లేదు, ఒక్కొక్కటీ ఒక్కో సందర్భంలో, పూర్తి మాటగా చెవిన పడింది. టేక్ కూడా ఇంగ్లీషువాడికి అట్టాగే వచ్చింది, డిక్షనరీలోంచి కాదు.

కొన్నిచోట్ల ఈ రెండు మాటలూ ఎంత దగ్గరగా నడుస్తాయో చూడు. నాకు ఒంగోలు చేరడానికి రెండు గంటలు పట్టింది, "ఇట్ టుక్ మి టూ అవర్స్ టు రీచ్ ఒంగోల్". మన 'నాకు' అక్కడ 'మి' అయి కూర్చుంది, 'పట్టింది' టుక్ అయింది, ఇంకేం మార్చక్కర్లేదు. ఈ లిఫ్టులో ఆరుగురు పడతారు అన్నా, "దిస్ లిఫ్ట్ టేక్స్ సిక్స్ పీపుల్". పని చేపట్టడం టేక్ అప్, చెయ్యీ పట్టూ రెండూ ఆ మాటలోనే ఉన్నాయి. రంగు గుడ్డకి పట్టింది అన్నా టేకే. ఫొటో దగ్గర మాత్రం మన 'తీయడం' వస్తుంది, అదీ టేకే. తీయడం, తీసుకోవడం, పట్టడం, ఈ మూడూ కలిస్తే టేక్‌లో చాలా భాగం వచ్చేస్తుంది. అంతా రాదు.

ఇంకో సంగతి చెప్పాలి, నాకు చాలా ఇష్టమైనది. పాత ఇంగ్లీషులో తీసుకోవడానికి టేక్ అనేవాళ్లే కాదు, 'నిమన్' అనేవాళ్లు. 9వ శతాబ్దంలో వైకింగులు ఓడల్లో వచ్చి ఇంగ్లండు ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. వాళ్ల నార్స్ భాషలో 'టాకా' అంటే పట్టుకోవడం, తీసుకోవడం. ఊళ్లో పక్కపక్క ఇళ్లలో ఉంటూ, సంతలో బేరాలాడుకుంటూ, పెళ్లిళ్లు చేసుకుంటూ తరాలు గడిచేసరికి ఆ టాకా టేక్ అయి, సొంత మాట నిమన్‌ని పక్కకి తోసేసింది. దే, దెమ్, ఎగ్, నైఫ్, స్కై ఇవన్నీ కూడా అట్టా నార్స్ నుంచి వచ్చినవే. జర్మన్‌లో నిమన్ చుట్టం 'నేమెన్' ఇప్పటికీ రోజూ వాడే మాట. ఇంగ్లీషులో మాత్రం ఒకటి రెండు చోట్లే దాని ముక్క బతికుంది, అందులో ఒకటి 'నమ్' అనే మాట. చివర బి రాస్తారు, పలకరు. చేతికో కాలికో స్పర్శ పోవడం. అసలు అర్థం ఏంటో తెలుసా, 'పట్టుబడిన' అని. ఏదో వచ్చి కాలుని పట్టేసుకుంటే దానికి కదలికా స్పర్శా పోయాయి అని ఆ కాలంవాళ్లు అనుకున్నారు. మనం తిమ్మిరి పట్టింది అంటామే, ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి కావలి!

ఒక్క తప్పు మాత్రం నీ మెయిల్స్‌లో రాకుండా చూసుకో. టేక్ ప్లేస్ అంటే జరగడం. "ది మీటింగ్ వాజ్ టేకెన్ ప్లేస్" అని మనవాళ్లు తెగ రాస్తారు, అది తప్పు. మీటింగ్ దానంతటది జరిగింది, ఎవరూ దాన్ని తీసుకోలేదు. "ది మీటింగ్ టుక్ ప్లేస్", అంతే.

పెన్నా_గట్టు:

అయ్యవారూ, నమ్ గురించి మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను నెల్లూరులో నర్సుని, విదేశాల్లో ఉద్యోగం కోసం ఇంగ్లీషు పరీక్షకి తయారవుతున్నాను. మీరు చెప్పిన పోలిక చాలా బాగుంది కానీ వార్డులో పని చేసేవాళ్లకి అక్కడే ఒక గుంట ఉంది, అది చెప్పాలి. మన దగ్గర ఉదయగిరి వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లు "కాలు పట్టేసిందమ్మా" అంటారు. దాన్ని నమ్ అని రాసేస్తే తప్పు. పట్టేయడం అంటే చాలాసార్లు కండ బిగుసుకుపోవడం, నొప్పి ఉంటుంది. తిమ్మిరి అంటే స్పర్శ తెలియకపోవడం. ఈ రెండింటికీ డాక్టర్ చూసే చూపు పూర్తిగా వేరు. అందుకే నేను ఎప్పుడూ, అవ్వా, గిల్లితే తెలుస్తోందా లేదా అని అడిగాకే రాస్తాను. మాట పుట్టుక ఒకటే కావచ్చు, ఈరోజు వాడుక ఒకటి కాదు.

మా పనిలో టేక్ లేనిదే గంట గడవదు. టెంపరేచర్ టేక్ చేస్తాం, బ్లడ్ టేక్ చేస్తాం, పేషెంట్ హిస్టరీ టేక్ చేస్తాం, అంటే ఎప్పట్నుంచి ఉంది, ముందు ఏం వాడారు అని అడిగి రాసుకోవడం. మాత్ర కూడా టేకే, మనం తెలుగులో వేసుకోమంటాం. మందు పని చేయడం మొదలుపెడితే టేక్ ఎఫెక్ట్.

నేను పడ్డ చోటు ఒకటుంది. వినికిడి ప్రాక్టీసులో ఒక నర్సు రాత్రి డ్యూటీ అప్పగిస్తూ "హిజ్ కండిషన్ టుక్ ఎ టర్న్ ఫర్ ది వర్స్" అంది. టర్న్ అన్నది ఒక్కటే నా చెవిన పడింది, పేషెంట్‌ని పక్కకి తిప్పి పడుకోబెట్టారు అని జవాబు రాశాను. మంచంలో కదల్లేనివాళ్లకి పుండ్లు పడకుండా అట్టా తిప్పుతాం కదా, మనసు అటే పోయింది. అసలు అర్థం, పరిస్థితి విషమించింది అని. అది పరీక్ష కాబట్టి ఒక మార్కుతో పోయింది, నిజం డ్యూటీ అయితే ఏమయ్యేదో అని ఆ రోజంతా మనసు బాగాలేదు. చీమకుర్తి తమ్ముడూ, నీ బాధ నాకు తెలుసు.

పరీక్ష అన్నాను కాబట్టి ఇంకొకటి. మనం "ఐ రోట్ ది ఎగ్జామ్" అంటాం, తెలుగులో పరీక్ష రాస్తాం కాబట్టి. మా ట్రైనర్, టేక్ అనండి అని రోజూ చెప్తారు. బ్రిటన్‌లో అయితే సిట్ అని కూడా అంటారట.

కుట్టుమిషన్_ఒంగోలు:

నేను టైలరింగ్ చేస్తాను, ఇంగ్లీషు పెద్దగా రాదు, కానీ ఈ టేక్‌లలో రెండు నాకు చేతిలో పని. మా అక్క కూతురు బయటి దేశంలో ఉంది, తనకీ తన స్నేహితులకీ బ్లౌజులు, డ్రస్సులు ఇక్కడ కుట్టించి పంపుతాను. ఆ పిల్లలు కొలతలు మెసేజ్‌లో రాస్తారు. ఒకసారి "టేక్ ఇట్ ఇన్ బై ఎన్ ఇంచ్" అని వచ్చింది. అడిగితే చెప్పింది, ఒక అంగుళం టైట్ చేయమని. పక్క కుట్టు విప్పి, గుడ్డని లోపలికి తీసుకుని మళ్లీ కుడతాం కదా, లోపలికి తీసుకోవడం, ఇన్. అంతకన్నా సరిగ్గా ఎవరు చెప్పగలరు! పొడుగు తగ్గించాలంటే టేక్ అప్, అంచుని పైకి మడిచి కుట్టడం. వదులు చేయాలంటే లెట్ అవుట్, లోపల మడతలో దాచిన గుడ్డని బయటికి వదలడం. పొడుగు పెంచాలంటే లెట్ డౌన్. అందుకే ఎవరి డ్రస్సుకైనా నేను పక్కల్లో ఒకటిన్నర అంగుళం గుడ్డ లోపల వదిలే కుడతాను, రేపు లెట్ అవుట్ చేయాలంటే గుడ్డ ఉండాలి కదా.

నాకు తోచింది చెప్తున్నా, తప్పయితే అయ్యవారు దిద్దండి. టేక్‌ని వదిలేసి దాని వెనక ఉన్న చిన్న ముక్కని చూస్తే సగం తెలుస్తుంది. ఇన్ అంటే లోపలికి, అప్ అంటే పైకి, ఆఫ్ అంటే విడిపోయి, ఓవర్ అంటే ఇవతలి చేతి నుంచి అవతలి చేతికి. చొక్కా ఒంటి మీద నుంచి విడిపోయింది, టేక్ ఆఫ్. విమానం నేల మీద నుంచి విడిపోయింది, అదీ టేక్ ఆఫే.

కనిగిరి_టు_డల్లాస్:

అక్కా మీరు చెప్పింది బట్టల వరకు వంద శాతం కరెక్ట్, విమానానికీ పనికొస్తుంది. (మన శ్రీహరికోట రాకెట్‌కి మాత్రం లిఫ్ట్ ఆఫ్ అంటారు.) కానీ ఆ చిన్న ముక్కని నమ్ముకుని తమ్ముడు ఆఫీసు మెయిల్స్ చదివితే మళ్లీ దెబ్బ తింటాడు. "షి టేక్స్ ఆఫ్టర్ హర్ మదర్" అంటే అమ్మ తర్వాత తీసుకుంటుందని కాదు, అమ్మ పోలిక వచ్చిందని. "ఐ వాజ్ టేకెన్ ఇన్" అంటే లోపలికి తీసుకెళ్లారని కాదు, మోసపోయానని. టేక్ ఆన్ అంటే పనిలో పెట్టుకోవడం, ఎదురు నిలబడి తలపడటం కూడా. ఆన్ అనే ముక్క చూసి ఈ రెండూ ఊహించగలరా? నేను ఇక్కడికొచ్చి పదకొండేళ్లయింది, ఇప్పటికీ కొత్తది ఒకటి దొరుకుతూనే ఉంటుంది.

వచ్చిన కొత్తలో మా టీమ్‌లో ఒకాయన్ని భోజనానికి పిలిచాను, గోంగూర అదీ చేసి పెడదామని. ఆయన నవ్వుతూ "కెన్ ఐ టేక్ ఎ రెయిన్ చెక్" అన్నాడు. వాన పడుతుందేమో చూసి చెప్తానంటున్నాడు అనుకుని, ఆదివారం ఎండగా ఉంది రండి అని మెసేజ్ పెట్టాను. ఆయన అన్నది ఈసారికి వీలుకాదు, ఇంకోసారి వస్తానని. బేస్‌బాల్ ఆట వానకి ఆగిపోతే ఇంకోరోజు వచ్చి చూడమని ఇచ్చే టికెట్టుకి రెయిన్ చెక్ అని పేరు, మాట అక్కడ పుట్టింది. ఇది ఏ చిన్న ముక్క చూసి తెలుసుకోగలం?

ఇంకోటి, మన దగ్గర సార్ క్లాసు తీసుకున్నాడంటే పాఠం చెప్పాడని. ఇక్కడ "ఐ యామ్ టేకింగ్ ఎ క్లాస్" అంటే నేను నేర్చుకుంటున్నాను అని. మా అమ్మాయి స్కూల్లో ఒక టీచర్ అట్టా అంటే ఏం చెప్తారండీ అని అడిగాను. ఆవిడ చెప్పడం కాదు, సాయంత్రాలు స్పానిష్ నేర్చుకుంటోంది.

నా సలహా ఒకటే తమ్ముడూ. డిక్షనరీ మూసెయ్. మీ ఆఫీసు మెయిల్ బాక్స్‌లో వెతికే చోట టేక్ అని కొట్టు, టుక్, టేకెన్ కూడా కొట్టు. మూడేళ్లలో వచ్చిన వాక్యాలన్నీ బయటపడతాయి. ఒక్కో వాక్యం ముక్కలు చేయకుండా పూర్తిగా ఒక నోటుబుక్కులో రాసుకో, పక్కన ఆ మెయిల్ తర్వాత నిజంగా ఏం జరిగిందో రాయి. సరుకు కదిలిందా, ధర తగ్గించమన్నారా, ఊరికే ఆలోచిస్తాం అన్నారా. వేరేవాళ్ల జాబితా వంద పేజీలున్నా నీకు పనికిరాదు, గ్రానైట్ కొనేవాళ్లు వాడే టేక్‌లు ముప్పై నలభై కన్నా ఉండవనుకుంటా.

కావలి_అయ్యవారు:

కనిగిరి బాబు మాట ఒప్పుకుంటున్నాను. టైలరమ్మ చెప్పిన దిక్కుల పద్ధతి చేత్తో చేసే పనులకి పనికొస్తుంది, గుడ్డ, సామాను, తలుపు, చొక్కా. మనసుకీ వ్యాపారానికీ సంబంధించిన చోట పూర్తి వాక్యమే దిక్కు. మనలోనూ అంతే కదమ్మా, చెయ్యి పట్టుకోవడం చూస్తే తెలుస్తుంది, చెయ్యిచ్చాడు అంటే మోసం చేశాడని చూస్తే తెలియదు, ఎవరో చెప్పాలి.

నర్సమ్మకి ప్రత్యేకంగా ధన్యవాదాలు. పట్టేయడానికీ తిమ్మిరికీ తేడా నేను అంత లోతుగా ఆలోచించలేదు. ఇకమీదట నమ్ కథ చెప్పినప్పుడల్లా మీరు చెప్పింది కూడా కలిపి చెప్తాను.

చీమకుర్తి_రాయి:

అందరికీ చాలా థ్యాంక్స్. అన్న చెప్పినట్టు నిన్న రాత్రి కూర్చుని మెయిల్ బాక్స్ అంతా వెతికాను, ఇప్పటికి 26 వాక్యాలు దొరికాయి. అందులో ఒకటి చూసి నిజంగా భయమేసింది. పోయిన ఏడాది ఒక పార్టీ, "వుయ్ విల్ టేక్ దిస్ అప్ విత్ ది షిప్పింగ్ లైన్" అని రాశారు. సరుకు పైకెక్కిస్తారు అనుకుని ఊరుకున్నాను, వాళ్లు అన్నది ఆలస్యం గురించి షిప్పింగ్ వాళ్లతో మాట్లాడతామని. అప్పుడు నష్టం ఏమీ రాలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఇప్పుడు టేకింగ్ స్టాక్ అని రాసిన పార్టీకి నేనే జవాబు రాయాలి. ఇట్టా రాశాను, చూడండి. "ప్లీజ్ టేక్ యువర్ టైమ్. ఒన్స్ యూ టేక్ ఎ డెసిషన్, వుయ్ విల్ టేక్ అప్ ది లోడింగ్. ఐ టేక్ ఇట్ దట్ యూ విల్ టేక్ బోత్ కంటైనర్స్."

కావలి_అయ్యవారు:

వ్యాకరణం తప్పు లేదు. కానీ రెండు చోట్ల ఆగు. లోడింగ్‌కి టేక్ అప్ వద్దు, స్టార్ట్ అంటే చాలు, చదివేవాడికి ఏ అనుమానమూ రాదు. రెండోది, ఐ టేక్ ఇట్ అంటే 'మీరు ఒప్పుకున్నట్టే అనుకుంటున్నాను' అని. మనుషులు ఎదురెదురుగా ఉన్నప్పుడు సరే, ఇక్కడ ఒకసారి తేడా వచ్చిన పార్టీతో అట్టా రాస్తే మెడ మీద కత్తి పెట్టినట్టుంటుంది. నేరుగా అడుగు, రెండు కంటైనర్లూ కావాలా, ఒకటా, అసలు వద్దా అని. టేక్ యువర్ టైమ్ బాగుంది, ఉంచు, మీకు ఎంత టైం పడితే అంత తీసుకోండి అని మర్యాదగా ఉంది. టేక్ ఎ డెసిషన్ కూడా పరవాలేదు, అమెరికావాళ్లయితే మేక్ అంటారు.

చీమకుర్తి_రాయి:

మార్చి పంపాను అయ్యవారూ. ఇందాకే జవాబు వచ్చింది. "వుయ్ విల్ టేక్ వన్ కంటైనర్ ఫర్ నౌ" అని ఉంది. ఇది నిజంగా సరుకు తీసుకోవడమేనా? మీరు చెప్పేదాకా ఓనర్‌కి చెప్పను.

కావలి_అయ్యవారు:

తీసుకోవడమే, పోయి చెప్పు. కానీ చివర ఫర్ నౌ ఉంది చూడు, ప్రస్తుతానికి ఒకటే అని. రెండో దాని ఫ్రేములు విప్పించి స్లాబులు లోపల పెట్టించండి, వానలు వస్తున్నాయి, చెక్క తడిస్తే బూజు పడుతుంది.